డ్రాయింగ్‌లో ఉండేది సీటీబీ పేరు మాత్రమే

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సివిల్ డిప్లొమా చేసి రెండేళ్లుగా ఇక్కడే ఒక ఇంజనీరు గారి ఆఫీసులో కంప్యూటర్ మీద ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌తో డ్రాయింగులు వేస్తున్నాను. కిందటి నెల హైదరాబాదు నుంచి ఒక ఆర్కిటెక్టు గారి ఇంటి డ్రాయింగ్ వచ్చింది. ప్రింట్ తీద్దామంటే మేము రోజూ వాడే మోనోక్రోమ్ సీటీబీ లిస్టులో కనపడలేదు, అన్నీ ఎస్‌టీబీ అనే ఉన్నాయి. అందుకని ఆ గీతలన్నీ కొత్త ఫైల్లోకి కాపీ చేసుకుని, మోనోక్రోమ్ సీటీబీ తెరిచి, ప్రింట్ బాగా వచ్చేదాకా రంగుల మందాలు మార్చి సేవ్ చేశాను. ఆ ప్రింట్ వచ్చింది. మర్నాటి నుంచి మా పాత ప్లాన్లన్నీ తేడాగా వస్తున్నాయండి. గోడలు సన్నగా, కొలతల గీతలు లావుగా, హ్యాచింగ్, అంటే గోడల లోపల నింపే దగ్గరదగ్గర గీతలు, నల్లముద్దలా వస్తోంది. ఆ డ్రాయింగులు నేను ముట్టుకోనే లేదు. రావులపాలెంలో ప్లాటర్ ఉన్న షాపుకి పట్టుకెళ్తే అక్కడ ఇంకోలా వస్తోంది. ఏం పాడుచేశావని మా సార్ అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు సీటీబీ ఏమిటి, ఎస్‌టీబీ ఏమిటి, మేము ఏది వాడాలో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు నీ టెన్షన్ సంగతి. మీ పాత ప్లాన్లు ఏవీ పాడవలేదు. ఆ ఫైళ్లలో ఒక్క గీత కూడా మారలేదు. మారింది వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఒకే ఒక చిన్న ఫైలు. దాన్ని బాగుచేస్తే అన్నీ ఒకేసారి మామూలైపోతాయి. ఈ ముక్క ఇవాళే మీ సార్‌కి చెప్పు.

ఈ పనిలో చాలామందికి ఏళ్లు గడిచినా తెలియని విషయం ఒకటుంది. సీటీబీ అంటే ఏ రంగు గీత ఎంత మందంతో ప్రింట్ కావాలో రాసి ఉండే చిన్న పట్టిక ఫైలు. డ్రాయింగ్ ఫైల్లో ఆ సీటీబీ ఉండదు. సీటీబీ పేరు మాత్రమే ఉంటుంది. "నన్ను మోనోక్రోమ్‌తో ప్రింట్ చెయ్యి" అని అందులో రాసి ఉంటుంది, అంతే. ఆ మోనోక్రోమ్ లోపల ఏ రంగుకి ఎంత మందం ఉందో డ్రాయింగ్‌కి తెలియదు. ప్రింట్ కొట్టిన ప్రతిసారీ ఆటోక్యాడ్ ఆ పేరున్న ఫైలుని అప్పుడు కూర్చున్న కంప్యూటర్లోనే వెతుక్కుంటుంది. నువ్వు ఆ పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చేశావు. ఉప్పు డబ్బాలో పంచదార పోసినట్టయింది. ఆ డబ్బా తీసి వండిన కూరలన్నీ తియ్యగానే ఉంటాయి.

రావులపాలెం షాపులో ఇంకోలా రావడానికి కూడా ఇదే కారణం. వాళ్ల కంప్యూటర్లోనూ మోనోక్రోమ్ అనే ఫైలుంది. కానీ అది వాళ్లది. ఎవరో కస్టమర్ కోసం ఎప్పుడో అక్కడా ఎవరో మార్చి ఉంటారు. పేరు ఒకటే, లోపల సరుకు వేరు.

ఇక బాగుచేయడం. ప్రింట్ విండో తెరువు. కుడివైపు సగం కనపడకపోతే కింద మూల ఉన్న చిన్న బాణం నొక్కు, తెరుచుకుంటుంది. అక్కడ ప్లాట్ స్టైల్ టేబుల్ దగ్గర మోనోక్రోమ్ ఎంచుకుని పక్కనున్న ఎడిట్ బటన్ నొక్కు. అన్నిటికంటే ముందు సేవ్ యాజ్ కొట్టి, నువ్వు మార్చిన ఈ పట్టికని ఆ హైదరాబాదు పని పేరుతో దాచుకో. ఆ ప్రింట్ మళ్లీ కావలసి రావచ్చు. ఇప్పుడు మోనోక్రోమ్‌ని మళ్లీ తెరిచి, ఫారమ్ వ్యూలో ఎడమవైపు కలర్ 1 మీద క్లిక్ చేసి, చివరికెళ్లి షిఫ్ట్ పట్టుకుని కలర్ 255 మీద క్లిక్ చెయ్యి. 255 రంగులూ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. కలర్ బ్లాక్, స్క్రీనింగ్ (ఇంకు గాఢత) 100, లైన్‌టైప్ దగ్గర యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌టైప్, లైన్‌వెయిట్ (గీత మందం) దగ్గర యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్ పెట్టి సేవ్ చెయ్యి. కంపెనీ ఇచ్చిన అసలు మోనోక్రోమ్ ఇలాగే ఉంటుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆటోక్యాడ్ ఫోల్డర్ లోపల యూజర్‌డేటాక్యాష్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ప్లాటర్స్ కింద ప్లాట్ స్టైల్స్‌లో ఎవరూ ముట్టని అసలు కాపీలు దొరుకుతాయి. మనం రోజూ వాడే ప్లాట్ స్టైల్స్ ఫోల్డర్ తెరవడానికి స్టైల్స్‌మేనేజర్ అని కమాండ్ కొడితే చాలు. కాపీ అక్కడినుంచి తెచ్చి ఇక్కడ పెట్టు.

అయితే ఒక అనుమానం ఉంది, అది తేల్చుకున్నాకే ఈ పని మొదలుపెట్టు. పాత ప్లాన్ ఒకటి తెరిచి, గోడలు, కొలతలు లాంటివాటిని విడివిడి పొరలుగా చూపే లేయర్ మేనేజర్‌లో లైన్‌వెయిట్ గడి చూడు. గోడల లేయర్‌కి 0.50, కొలతలకి 0.18 అని మిల్లీమీటర్లలో అంకెలుంటే అసలు మోనోక్రోమ్ పెట్టగానే అన్నీ సర్దుకుంటాయి. అలా కాకుండా అన్ని లేయర్లకీ డిఫాల్ట్ అనే ఉంటే మాత్రం నీకంటే ముందు పనిచేసినవాళ్లు కూడా మోనోక్రోమ్‌ని మార్చారన్నమాట. మీ మందాలన్నీ ఆ ఫైల్లోనే ఉండేవి. అసలు కాపీ పెడితే ప్రతి గీతా 0.25కి పడిపోయి ప్లానంతా ఒకే సన్నంగా వస్తుంది. అప్పుడు ఆఫీసులో రెండో కంప్యూటర్ ఉంటే అందులోని మోనోక్రోమ్ తెచ్చుకో. పాత పనులు ఎవరికైనా ఈట్రాన్స్‌మిట్ (డ్రాయింగ్‌ని దాని అనుబంధ ఫైళ్లతో కలిపి కట్టే కమాండ్) చేసి పంపిన జిప్ ఫైళ్లుంటే వాటిలో కూడా ఆ పాత సీటీబీ చేరి ఉండొచ్చు. ఏదీ దొరక్కపోతే పాత ప్రింట్ కాగితం పక్కన పెట్టుకుని మందాలు మళ్లీ నింపుకోవాలి. ఒక పూట పని.

రంగుకీ గీత మందానికీ అసలు సంబంధం ఏమిటని నీకు అనిపించే ఉంటుంది. నేను ఈ పనిలోకి వచ్చేటప్పటికి ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నులతో గీసి, అమోనియా ప్రింట్లు తీసేవాళ్లం. మందానికో పెన్ను. పెన్నుకి చుట్టూ రంగు గుర్తు ఉండేది. 0.25కి తెలుపు, 0.35కి పసుపు, 0.5కి గోధుమరంగు, 0.7కి నీలం. తర్వాత వచ్చిన పెన్ ప్లాటర్లు కూడా నిజం పెన్నులు పట్టుకునే గీసేవి. స్క్రీన్ మీద ఎర్రగా ఉన్న గీత ఒకటో పెన్నుతో, పసుపు గీత రెండో పెన్నుతో గియ్యి అని మనం చెప్పేవాళ్లం. ఆ లెక్కే 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000లో ప్లాట్ స్టైల్ పట్టిక అయింది. ఇప్పటికీ ఆ విండోలో ప్లాట్ స్టైల్ టేబుల్ అన్న మాట పక్కనే పెన్ అసైన్‌మెంట్స్ అని రాసి ఉంటుంది, చూడు. సీటీబీ అంటే 255 పెన్నులున్న పెట్టె అనుకో. రంగు చూసి పెన్ను తీస్తుంది.

ఎస్‌టీబీ పద్ధతి వేరు. అక్కడ రంగుతో పని లేదు. గోడ, సన్నం, లేతగీత అంటూ మనమే స్టైళ్లకి పేర్లు పెట్టుకుంటాం, ఏ లేయర్‌కి ఏ స్టైలో చెబుతాం. ఎర్ర గీత ఎర్రగానే ప్రింట్ అవుతూ లావుగానూ ఉండొచ్చు, సన్నగానూ ఉండొచ్చు. రంగుల్లో ప్రింట్లు ఇచ్చే ఆర్కిటెక్టులకి ఇది బాగా పనికొస్తుంది. నీకొచ్చిన డ్రాయింగ్ ఈ రకం. ఒక డ్రాయింగ్ పుట్టేటప్పుడు తీసుకున్న టెంప్లేటుని (ఖాళీ నమూనా ఫైలుని) బట్టి సీటీబీ రకమో ఎస్‌టీబీ రకమో అవుతుంది. ఆ తర్వాత ఆప్షన్స్‌లో ఏం మార్చినా కొత్తగా మొదలెట్టే డ్రాయింగులకే తప్ప ఉన్నవాటికి వర్తించదు. సీటీబీ రకం డ్రాయింగ్‌కి లిస్టులో సీటీబీలే కనపడతాయి, ఎస్‌టీబీ రకానికి ఎస్‌టీబీలే. నీకు మోనోక్రోమ్ సీటీబీ కనపడకపోవడానికి కారణం అదే, ఏదీ పోలేదు. ఏ రకమో తెలియాలంటే పీస్టైల్‌మోడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టు. 1 వస్తే సీటీబీ, 0 వస్తే ఎస్‌టీబీ. లేయర్ మేనేజర్‌లో ప్లాట్ స్టైల్ గడి మసగ్గా ఉండి మార్చడానికి వీల్లేకపోతే అది సీటీబీ రకమే.

కన్వర్ట్‌పీస్టైల్స్ అనే కమాండ్ ఒక రకాన్ని ఇంకో రకంగా మారుస్తుంది. ఎస్‌టీబీని సీటీబీగా మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. లేయర్లకి ఇచ్చిన స్టైల్ పేర్లన్నీ పోతాయి. ఆ ఆర్కిటెక్టు గారు మందాలన్నీ స్టైళ్లలోనే పెట్టి, లేయర్లన్నిటికీ తెలుపే ఇచ్చి ఉంటే, మార్చాక అన్ని గీతలూ ఒకే మందంలో మిగులుతాయి. కాబట్టి ముందు ఫైలుకి కాపీ తీసి, ఏ లేయర్‌కి ఏ స్టైలు ఉందో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే మార్చాలి. అటునుంచి ఇటు, అంటే సీటీబీ డ్రాయింగ్‌ని ఎస్‌టీబీ చేయాలంటే ముందు కన్వర్ట్‌సీటీబీ కమాండ్‌తో మీ పట్టికని ఎస్‌టీబీగా చేసుకోవాలి. మీ ఆఫీసుకి ఆ అవసరం రాదు.

ఇప్పుడు మీరు ఏది వాడాలన్న దాని మీద నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మీలాంటి చిన్న ఆఫీసులో డ్రాయింగ్ ఒకచోట వేస్తారు, ప్రింట్ ఇంకోచోట తీస్తారు. ఇవాళ రావులపాలెం, రేపు రాజమండ్రి, ఎల్లుండి సైటు ఓనరు ఊళ్లో ఏదో జిరాక్స్ షాపు. ఇలాంటప్పుడు మందం పట్టికలో ఉండకూడదు, డ్రాయింగ్ లోపలే ఉండాలి. అంటే ప్రతి లేయర్‌కీ లైన్‌వెయిట్ అక్కడే ఇచ్చెయ్యాలి. సీటీబీగా ఎవరూ ముట్టని మోనోక్రోమ్ వాడాలి. దాని పని రంగుల్ని నలుపు చేయడం వరకే. మందం డ్రాయింగ్‌తో పాటే వెళ్తుంది, ఏ ఊళ్లో తెరిచినా అదే అంకె ఉంటుంది. ఒక్కో గీతకి విడిగా మందాలిచ్చిన పాత ఫైళ్లుంటే సెట్‌బైలేయర్ కమాండ్‌తో వాటిని లేయర్ దారికి తీసుకురావొచ్చు.

ఏ3 కాగితం మీద 1:100లో ఇచ్చే ఇంటి ప్లానుకి నేను పెట్టే మందాలు ఇవి. కోతలో పడే (ప్లానులో అడ్డంగా కోసినట్టు చూపే) గోడలు, కాలమ్‌లు 0.50. బీములు, ఫుటింగ్ అంచులు 0.35. తలుపులు, కిటికీలు, మెట్లు 0.25. కొలతలు, అక్షరాలు 0.18. హ్యాచింగ్ 0.09. హ్యాచింగ్‌ని అంతకంటే పెంచితే దగ్గరదగ్గర గీతలు కలిసిపోయి నీకొచ్చినట్టే నల్లముద్ద అవుతుంది. అక్షరాల్లోనూ రెండు రకాలున్నాయి. రోమన్స్ లాంటి ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ గీతలతో చేసింది కాబట్టి లైన్‌వెయిట్ పెంచితే అక్షరం కూడా లావెక్కుతుంది. ఏరియల్ లాంటి ఫాంట్‌కి ఆ మార్పు తగలదు. ఒకే మందంలో ఒక షీటులో అక్షరాలు బాగుండి ఇంకో షీటులో అలుక్కుపోతున్నాయంటే ముందు ఫాంట్ చూడు.

పాత గోడలు, కొత్త గోడలు చూపించే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన డెల్టాలో పాత పెంకుటిల్లు సగం ఉంచి పక్కన శ్లాబు వేసుకునే పనులు ఎన్నో నీకు తెలుసు. అలాంటి ఒక పనికి నేను పాత గోడల్ని 8వ నంబరు రంగులో పెట్టి, నా సీటీబీలో దానికి స్క్రీనింగ్ 40 ఇచ్చి లేతగా వచ్చేట్టు చేశాను. నా దగ్గర తీసిన ప్రింట్ చక్కగా ఉంది. సైటు కోసం అదనపు కాపీలు కావాల్సి వచ్చి ఫైలు ఒక షాపుకి పంపాను, సీటీబీ పంపలేదు. అక్కడి పట్టికతో పాత గోడలూ కొత్త గోడలూ ఒకే నలుపులో, ఒకే మందంలో వచ్చాయి. ఏ గోడ ఉంచాలో ఏది తియ్యాలో మేస్త్రికి ఆ కాగితంలో తెలియలేదు. ఉండాల్సిన మట్టిగోడ నాలుగడుగులు పగిలాక ఇంటాయన చూసి ఆపించాడు. ఆ ఇంటి పెద్దావిడ ఆ గోడ దగ్గర నిలబడి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి పాత గోడకి లేతరంగు ఒక్కదాన్నే నమ్ముకోను. పాతగోడ సన్నటి తెంపు గీత, లోపల ఖాళీ. కొత్తగోడ లావు గీత, లోపల హ్యాచింగ్. పక్కన ఒక చిన్న సూచిక. ఏ సీటీబీతో ప్రింట్ తీసినా, దానికి మళ్లీ జిరాక్స్ తీసినా తేడా తెలిసి తీరాలి. లేత బూడిదరంగు గీతలు రెండో జిరాక్స్‌లో మాయమైపోతాయి, సైటుకి చేరేది ఎక్కువగా ఆ రెండో జిరాక్సే.

షాపుకి డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు, ఇవ్వడం మానెయ్. నీ కంప్యూటర్లోనే డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ ఎంచుకుని పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లు. అందులో మందాలు ఖాయమైపోతాయి, వాళ్ల మోనోక్రోమ్ ఎలా ఉన్నా నీకు సంబంధం లేదు. ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ కాకుండా యాక్చువల్ సైజ్ పెట్టమని చెప్పు. షీటు మూల అయిదు మీటర్ల స్కేలు గీత ఒకటి గీసిపెట్టు. 1:100లో అది కాగితం మీద సరిగ్గా 50 మిల్లీమీటర్లు రావాలి, షాపులోనే స్కేలు పెట్టి చూసుకుని డబ్బులివ్వు.

ఏ1 షీటుని ఏ3కి తగ్గించి తీసే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. పొడవు సగమవుతుంది కాబట్టి 1:50 కాస్తా 1:100 అవుతుంది, టైటిల్ బ్లాకులో ఏ1కి ఎంత, ఏ3కి ఎంత అని రెండూ రాయాలి. పీడీఎఫ్‌ని తగ్గిస్తే గీతలు కూడా సగానికి తగ్గుతాయి. 0.50 వెళ్లి 0.25 అవుతుంది, బాగానే ఉంటుంది. 0.13 గీత 0.065కి పడి కనపడీ కనపడకుండా పోతుంది. 0.25, 0.35, 0.50, 0.70 అన్న పెన్నుల వరుసలో ఒక్కోటి ముందుదానికి సుమారు 1.4 రెట్లుంటుంది. ఏ3, ఏ2, ఏ1 కాగితాల పొడవులూ అదే లెక్కలో పెరుగుతాయి. ఒక సైజు తగ్గిస్తే ఒక పెన్ను తగ్గినట్టు, రెండు సైజులు తగ్గిస్తే రెండు పెన్నులు తగ్గినట్టు అని ఆ వరుసని అలా కుదిర్చారు. పీడీఎఫ్‌ని కాకుండా ఆటోక్యాడ్‌లోనే లేఅవుట్‌ని ఏ3కి తగ్గించి ప్రింట్ ఇస్తే మాత్రం స్కేల్ లైన్‌వెయిట్స్ అనే గడిలో టిక్ పెట్టాలి. లేకపోతే బొమ్మ సగమవుతుంది, గీతలు మాత్రం మునుపటి లావులోనే ఉండిపోతాయి. ఆ టిక్ మర్చిపోయి ప్రింటర్ పాడైందనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకొక చిక్కు కూడా నీకు త్వరలోనే ఎదురవుతుంది. మోనోక్రోమ్ పెట్టినా కొన్ని గీతలు రంగులోనే వస్తాయి. సీటీబీకి తెలిసినవి ఆ 255 నంబర్ల రంగులే. ఎవరైనా ట్రూ కలర్ వాడితే, అంటే లేయర్ మేనేజర్‌లో రంగు దగ్గర 255,127,0 లాగా మూడు అంకెలుంటే, ఆ గీతని సీటీబీ పట్టించుకోదు. దాన్ని మామూలు నంబరు రంగులోకి మార్చు, నలుపు వస్తుంది. బయటినుంచి వచ్చిన ఎలివేషన్లలో ఇది ఎక్కువ.

మీ ఆఫీసుకి నిజంగా ప్రత్యేకం సీటీబీ కావాల్సి వస్తే, మోనోక్రోమ్‌ని కాపీ చేసి ఆఫీసు పేరుతో కొత్త ఫైలు చేసుకోండి. దాన్ని ఒకే చోట, అందరి కంప్యూటర్లకీ కనపడే షేర్డ్ ఫోల్డర్లో పెట్టి, ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్ కింద ప్లాట్ స్టైల్ టేబుల్ సెర్చ్ పాత్‌కి ఆ ఫోల్డర్ చూపించండి. ఫైలుని రీడ్ ఓన్లీ చెయ్యండి. మందాలు మార్చాల్సి వస్తే లోపల మార్చి అదే పేరుతో సేవ్ చేయకుండా కొత్త పేరుతో సేవ్ చేయండి. పాత డ్రాయింగ్ పాత పేరే అడుగుతుంది, పదేళ్ల తర్వాత తెరిచినా అప్పటి ప్రింటే వస్తుంది. కాగితం సైజు, ప్రింటర్, సీటీబీ అన్నీ కలిపి ఒక పేజ్ సెటప్‌గా పేరు పెట్టి టెంప్లేట్‌లో దాచుకోండి. పాత డ్రాయింగుల్లోకి దాన్ని తెచ్చుకోవడానికి పీసెటపిన్ అనే కమాండ్ ఉంది.

ఇక ఆ హైదరాబాదు డ్రాయింగ్. నువ్వు కాపీ చేసిన ఫైలుని పక్కన పెట్టి వాళ్ల అసలు ఫైలే వాడు. కాపీ చేసి మందాలు మనమే ఊహించి పెట్టినప్పుడు ఏది కోత గీతో ఏది వెనక కనపడే అంచో తారుమారయ్యే ప్రమాదముంది. ఆర్కిటెక్టు గారి ఆఫీసుకి ఫోన్ చేసి "మీ ఎస్‌టీబీ ఫైలు పంపండి, ఒక ప్రింటు పీడీఎఫ్ కూడా పంపండి" అని అడుగు. మొహమాటపడకు, ఇది రోజూ అడిగే విషయమే. ఎస్‌టీబీ వచ్చాక ప్లాట్ స్టైల్స్ ఫోల్డర్లో వేసి, నీ ప్రింటుని వాళ్ల పీడీఎఫ్ పక్కన పెట్టి గోడ గోడా సరిచూడు. సరిపోయాకే సైటుకి పంపు. ఈలోగా నీ కాపీ ఫైలుతో తీసిన ప్రింట్లు ఎవరికైనా ఇచ్చి ఉంటే, వాటిని వెనక్కి తెప్పించే సంగతి ఇవాళే మీ సార్‌తో మాట్లాడు.